ఆవేశాల పొటెన్షియల్, స్థితిజశక్తి: లెక్క మొదలుపెట్టడం నుంచి సరిచూసుకోవడం దాకా

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో స్థిర విద్యుత్ పొటెన్షియల్ పాఠానికి గట్టిగా లెక్కపెడితే సూత్రాలు నాలుగైదే. అయినా మార్కులు పోతున్నాయంటే సూత్రం గుర్తులేక కాదు. అడిగింది ఒక బిందువు గురించా, ఒక ఆవేశం గురించా, మొత్తం వ్యవస్థ గురించా అని తేల్చుకోకముందే పెన్ను కదిలిపోవడం వల్ల. అందుకే ఇక్కడ సూత్రాల కంటే వరసకే ఎక్కువ చోటు ఇస్తున్నాం. కూలుంబ్ నియమం, పని, గతిజశక్తి ఇదివరకే చదివారనుకుంటున్నాం.

1. అడిగింది ఎవరి సంగతో ముందు తేల్చండి

పొటెన్షియల్ చోటుకు సంబంధించినది. స్థితిజశక్తి ఆవేశాల జతకు సంబంధించినది. కూరగాయల బజారులో కిలో నలభై అని పలక పెట్టి ఉంటుంది. ఎవరూ కొనకపోయినా ఆ ధర ఉంటుంది. రెండు కిలోలు సంచిలో వేయించుకుంటేనే ఎనభై రూపాయల బిల్లు. పొటెన్షియల్ ఆ పలక మీది ధర లాంటిది: కూలుంబుకు ఇన్ని జౌల్‌లు అని చెబుతుంది. ఆ చోట నిజంగా ఒక ఆవేశాన్ని పెట్టినప్పుడు వచ్చే బిల్లు స్థితిజశక్తి.

పొటెన్షియల్ = 9×10⁹ × ఆవేశం ÷ దూరం
జత స్థితిజశక్తి = 9×10⁹ × మొదటి ఆవేశం × రెండో ఆవేశం ÷ మధ్య దూరం

రెండింటికీ సున్నా ఎక్కడంటే అనంత దూరంలో. రెండింటిలోనూ దూరానికి వర్గం లేదు. కూలుంబ్ నియమం చేతికి బాగా అలవాటైపోయిన వాళ్లు ఇక్కడ కూడా వర్గం వేసేస్తారు. దాన్ని పట్టుకోవడం తేలికే: వర్గం వేస్తే మొదటిదానికి ప్రమాణం వోల్టు బదులు వోల్టు/మీటరు వస్తుంది, రెండోదానికి జౌల్ బదులు న్యూటన్ వస్తుంది.

ఇప్పుడు ప్రశ్నలోని మాట చూడండి.

- "ఫలానా బిందువు వద్ద పొటెన్షియల్ ఎంత?" అంటే చుట్టూ ఉన్న ఆవేశాలు మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఆ బిందువు దగ్గర కూర్చున్న ఆవేశం రాదు.
- "ఫలానా ఆవేశాన్ని అక్కడికి తేవడానికి చేయాల్సిన పని ఎంత?" అంటే తెచ్చే ఆవేశాన్ని అక్కడి పొటెన్షియల్‌తో గుణించాలి. అప్పటికే ఉన్న ఆవేశాల మధ్య శక్తి ఇందులో కలవదు.
- "వ్యవస్థ స్థితిజశక్తి ఎంత?" అంటే ప్రతి జతనూ ఒక్కసారి లెక్కించాలి.

రెండో రకం ప్రశ్నకు మూడో రకం జవాబు రాయడం ఈ పాఠంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. మూడో అంచెలోని లెక్కలో రెండింటికీ తేడా ఎంతో అంకెల్లోనే కనిపిస్తుంది.

2. పది ఘాతాలను ముందే తేల్చి పక్కన పెట్టండి

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రశ్నకు 70 సెకన్లు కూడా రావు. ప్రతిసారీ పది ఘాతాలన్నీ రాసి కొట్టేస్తూ కూర్చుంటే సమయం అక్కడే కరిగిపోతుంది. ఈ స్థిరాంకాలు గుర్తుంచుకుంటే పని సగమవుతుంది.

- ఆవేశం నానోకూలుంబుల్లో, దూరం సెంటీమీటర్లలో ఉంటే: పొటెన్షియల్ = 900 × ఆవేశం ÷ దూరం, వోల్టుల్లో.
- రెండు ఆవేశాలూ నానోకూలుంబుల్లో, దూరం సెంటీమీటర్లలో ఉంటే: స్థితిజశక్తి = 900 × ఆవేశాల లబ్ధం ÷ దూరం, జవాబు నానోజౌల్‌లలో. అంకె అదే 900 కాబట్టి ఒక్కటే గుర్తుంచుకుంటే చాలు.
- మైక్రోకూలుంబులు, మీటర్లు ఇస్తే: పొటెన్షియల్‌కు 9000. స్థితిజశక్తికి 0.009, జవాబు జౌల్‌లలో.
- పరమాణువుల లెక్కల్లో ఆవేశాన్ని ఎలక్ట్రాన్ ఆవేశాల సంఖ్యగా, దూరాన్ని నానోమీటర్లలో తీసుకుంటే 1.44. జవాబు నేరుగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. కేంద్రకాల లెక్కల్లో కూడా ఇదే 1.44, కాకపోతే దూరం ఫెమ్టోమీటర్లలో, శక్తి మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో.

చివరిదాన్ని హైడ్రోజన్ మీద పరీక్షించి చూడండి. ప్రోటాన్, ఎలక్ట్రాన్ మధ్య దూరం 0.0529 నానోమీటర్లు. 1.44ను దానితో భాగిస్తే 27.2. గుర్తు రుణం కాబట్టి స్థితిజశక్తి −27.2 ఎలక్ట్రాన్ వోల్టులు. గతిజశక్తి +13.6, మొత్తం −13.6. పుస్తకాల్లో కనిపించే అంకెలు ఇవే.

3. లెక్క కాగితం మీద

ఒక లంబకోణ త్రిభుజం గీయండి. లంబకోణం ఉన్న శీర్షం "ఖ" దగ్గర −2 నానోకూలుంబులు. దానికి 8 సెంటీమీటర్ల దూరంలో "క" దగ్గర +5 నానోకూలుంబులు. "ఖ" నుంచి లంబంగా 6 సెంటీమీటర్ల దూరంలో "గ" అనే ఖాళీ బిందువు. కాబట్టి క నుంచి గకు 10 సెంటీమీటర్లు.

ముందు గ దగ్గర పొటెన్షియల్.

క వల్ల: 900 × 5 ÷ 10 = +450 వోల్టులు
ఖ వల్ల: 900 × (−2) ÷ 6 = −300 వోల్టులు
మొత్తం: +150 వోల్టులు

ఇక్కడ కోణాలు, కొసైన్‌లు, అంశాలుగా విడదీయడాలు ఏవీ అక్కర్లేదు. పొటెన్షియల్ అదిశ రాశి. మామూలు కూడికే. ఆవేశం గుర్తును మాత్రం మొదటి వరసలోనే అంకెతో పాటు రాసేయాలి. విద్యుత్ క్షేత్రం లెక్కల్లో పరిమాణాన్ని గుర్తు లేకుండా కట్టి, దిశను బొమ్మ చూసి నిర్ణయిస్తాం. ఆ పద్ధతి ఇక్కడికి తెస్తే దెబ్బతింటాం: 450, 300 కలిపి 750 అని రాసేస్తారు.

ఇప్పుడు గ దగ్గరికి +3 నానోకూలుంబుల ఆవేశాన్ని అనంత దూరం నుంచి మెల్లగా తెచ్చి పెట్టాం. చేసిన పని 3 × 150 = 450 నానోజౌల్. క, ఖ ఆవేశాల మధ్య ఏముందో ఇక్కడ మనకు అనవసరం.

మొత్తం వ్యవస్థ శక్తి కావాలంటే మూడు జతలు:

క–ఖ: 900 × 5 × (−2) ÷ 8 = −1125
క–గ: 900 × 5 × 3 ÷ 10 = +1350
ఖ–గ: 900 × (−2) × 3 ÷ 6 = −900
మొత్తం: −675 నానోజౌల్

చూశారా, చివరి ఆవేశాన్ని తేవడానికి +450 పని చేయాల్సి వచ్చింది, అయినా వ్యవస్థ మొత్తం శక్తి రుణమే. ఇందులో వింతేమీ లేదు. క, ఖలను దగ్గరికి చేర్చేటప్పుడే −1125 లెక్కలో పడింది. దానికి 450 కలిస్తే −675. మొత్తం రుణంగా ఉందంటే ఈ మూడింటినీ పూర్తిగా విడదీసి దూరంగా పంపడానికి బయటి నుంచి 675 నానోజౌల్ ఇవ్వాలని అర్థం.

జతలన్నీ వచ్చాయో లేదో సంఖ్యతో సరిచూసుకోండి. మూడు ఆవేశాలకు 3 జతలు, నాలుగింటికి 6, అయిదింటికి 10. చతురస్రం లెక్కలో నాలుగు భుజాలు రాసి రెండు కర్ణాలు మరిచిపోయేవాళ్లు ఈ ఒక్క పరీక్షతో బయటపడతారు.

సమయముంటే మరో దారిలోనూ వెళ్లి చూడొచ్చు. ఒక్కో ఆవేశాన్ని, మిగతా రెండింటి వల్ల అక్కడ ఏర్పడే పొటెన్షియల్‌తో గుణించి, అన్నీ కూడి, సగం చేయాలి. క దగ్గర పొటెన్షియల్ −225 + 270 = 45, దాన్ని 5తో గుణిస్తే 225. ఖ దగ్గర 562.5 + 450 = 1012.5, దాన్ని −2తో గుణిస్తే −2025. గ దగ్గర 450 ముందే వచ్చింది. మొత్తం −1350, సగం −675. సగం ఎందుకంటే ఈ పద్ధతిలో ప్రతి జతా రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. కెపాసిటర్ శక్తిలో కనిపించే సగానికీ మూలం ఇలాంటిదే: అక్కడ ఆవేశం కొద్దికొద్దిగా చేరుతుంది, మొదటి వంతు చేరేటప్పుడు పొటెన్షియల్ భేదం దాదాపు సున్నా, చివరి వంతుకు పూర్తి విలువ.

4. పని ఎవరు చేశారు?

"పని" అన్న మాట కనిపించగానే ఎవరు చేసిన పని అని అడగండి. బయటి వ్యక్తి వేగం పెంచకుండా మెల్లగా కదిపితే, అతను చేసిన పని = ఆవేశం × (చివరి పొటెన్షియల్ − మొదటి పొటెన్షియల్). క్షేత్రం చేసిన పని అదే అంకె, గుర్తు మాత్రం ఎదురు.

దారి ఎలాంటిదైనా ఫర్వాలేదు. వంకర టింకర దారి, వృత్తం, మెట్లు, ఏది గీసి భయపెట్టినా రెండు చివరలు చూస్తే చాలు. బయల్దేరిన చోటికే తిరిగి వస్తే పని సున్నా. సమపొటెన్షియల్ తలం మీద ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లినా సున్నాయే.

రుణావేశం దగ్గర చాలామంది తడబడతారు. ఎలక్ట్రాన్‌ను వదిలితే ఎక్కువ పొటెన్షియల్ వైపు పోతుంది. 50 వోల్టుల చోటు నుంచి 200 వోల్టుల చోటుకు చేరితే దాని స్థితిజశక్తి 150 ఎలక్ట్రాన్ వోల్టులు తగ్గుతుంది, గతిజశక్తి అంతే పెరుగుతుంది. "పొటెన్షియల్ పెరిగింది కాబట్టి శక్తి పెరిగింది" అన్నది ధనావేశానికే సరిపోతుంది.

ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఒక వల. అది శక్తికి ప్రమాణం, అందులో ఎలక్ట్రాన్ ఆవేశం ముందే ఇమిడి ఉంది. 100 వోల్టుల పొటెన్షియల్ భేదం దాటిన ప్రోటాన్‌కు 100, రెండు ప్రోటాన్‌లంత ఆవేశమున్న ఆల్ఫా కణానికి 200 ఎలక్ట్రాన్ వోల్టులు. జౌల్‌లలోకి మార్చేటప్పుడు 1.6×10⁻¹⁹తో ఒక్కసారే గుణించాలి. జవాబులో పది ఘాతం −36 దగ్గర కనిపిస్తే రెండుసార్లు గుణించారన్నమాట.

5. ఆవేశాలను వదిలేస్తే వేగం ఎంత?

రెండు చిన్న గోళాలు, ఒక్కోదానిపై +1 మైక్రోకూలుంబ్, మధ్య దూరం 10 సెంటీమీటర్లు. స్థితిజశక్తి 0.009 × 1 × 1 ÷ 0.1 = 0.09 జౌల్. ఇక్కడి నుంచి జవాబు మూడు దారుల్లో చీలుతుంది.

ఒకదాన్ని బిగించేసి, 5 గ్రాముల రెండోదాన్ని వదిలితే 0.09 అంతా దానికే. బాగా దూరం పోయాక వేగం సెకనుకు 6 మీటర్లు.

రెండూ 5 గ్రాములే, రెంటినీ వదిలితే చెరి సగం, 0.045 చొప్పున. ఒక్కోదాని వేగం 4.24 మీటర్లు. ఇక్కడ ఒక్కో గోళానికీ 0.09 ఇచ్చేసే పొరపాటు బాగా కనిపిస్తుంది. ఆ 0.09 జతది, ఏ ఒక్కదానిదీ కాదు. మొదటి అంచెలో చెప్పింది ఇక్కడ అక్కరకొస్తుంది.

ఒకటి 5 గ్రాములు, ఇంకొకటి 10 గ్రాములు అయితే సమాన వాటాలు పనికిరావు. ద్రవ్యవేగం నిత్యత్వం ప్రకారం రెండింటి ద్రవ్యవేగాలూ పరిమాణంలో సమానం కాబట్టి, గతిజశక్తి ద్రవ్యరాశికి విలోమంగా పంచుకోబడుతుంది. తేలికదానికి 0.06, బరువుదానికి 0.03. వేగాలు 4.90, 2.45. ఒకటి మరొకదానికి సరిగ్గా రెట్టింపు రావడమే సరైన జవాబుకు గుర్తు.

6. సున్నా ఎక్కడ?

+4 నానోకూలుంబులు, −1 నానోకూలుంబ్, మధ్య 30 సెంటీమీటర్లు. వాటిని కలిపే రేఖ మీద పొటెన్షియల్ సున్నా అయ్యే బిందువులు రెండు ఉంటాయి. మధ్యలో: −1 నుంచి 6 సెంటీమీటర్లు, +4 నుంచి 24. ఇక బయట, −1కి అవతల 10 సెంటీమీటర్ల దగ్గర: అక్కడ +4 దూరం 40. రెండు చోట్లా దూరాల నిష్పత్తి 4:1. ఒకటి దొరకగానే ఆగిపోకుండా రెండోదాని కోసం చిన్న ఆవేశానికి అవతలి వైపు చూడండి. నిజానికి సున్నా ఈ రెండు బిందువులతో అయిపోదు. వీటిని వ్యాసపు చివరలుగా తీసుకుని 8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గోళం గీస్తే, దాని ఉపరితలం మీద ప్రతి బిందువూ సున్నాయే.

క్షేత్రం సున్నా అయ్యే చోటు వేరు. అది ఒక్కటే, −1కి అవతల 30 సెంటీమీటర్ల దగ్గర. అక్కడ పొటెన్షియల్ కట్టి చూడండి: 900 × 4 ÷ 60 − 900 × 1 ÷ 30 = 60 − 30 = 30 వోల్టులు. అంటే క్షేత్రం సున్నా, పొటెన్షియల్ సున్నా కాదు. తిరగేసి చూస్తే, మధ్యలోని సున్నా పొటెన్షియల్ బిందువు దగ్గర క్షేత్రం 625 + 2500 = 3125 వోల్టు/మీటరు. ఒకటి సున్నా అయితే రెండోదీ సున్నా అని రాసేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆవేశమున్న వాహక గోళం లోపల కూడా ఇదే సంగతి. క్షేత్రం సున్నా, పొటెన్షియల్ మాత్రం ఉపరితలం మీద ఎంతుందో లోపలంతా అంతే. క్షేత్రం చెప్పేది పొటెన్షియల్ ఎంత ఉందని కాదు, ఎంత త్వరగా మారుతోందని. గ్రాఫ్ ఇస్తే వాలు తీసి గుర్తు మార్చండి: 2 సెంటీమీటర్ల దగ్గర 120 వోల్టులు, 6 దగ్గర 40 వోల్టులు, మధ్యలో సరళరేఖ అయితే వాలు −2000, క్షేత్రం +2000 వోల్టు/మీటరు.

7. బంగారు రేకు లెక్క

గైగర్, మార్స్‌డెన్ 1909లో బంగారు రేకు మీద పడిన ఆల్ఫా కణాల్లో కొన్ని వెనక్కి తిరగడం చూశారు, రూథర్‌ఫర్డ్ 1911లో దానికి కేంద్రకంతో సమాధానం చెప్పాడు. 7.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా నేరుగా బంగారు కేంద్రకం మీదికి వెళ్తే ఎంత దగ్గరికి పోగలదు? క్షణకాలం ఆగిన చోట గతిజశక్తి అంతా స్థితిజశక్తి అయి ఉంటుంది. ప్రోటాన్ ఆవేశాల లెక్కన ఆల్ఫాది 2, బంగారు కేంద్రకానిది 79.

1.44 × 2 × 79 ÷ దూరం = 7.7
దూరం ≈ 29.5 ఫెమ్టోమీటర్లు, అంటే దాదాపు 3×10⁻¹⁴ మీటర్లు

బంగారు కేంద్రకం వ్యాసార్ధం సుమారు 7 ఫెమ్టోమీటర్లు. అంటే ఆల్ఫా దాన్ని తాకకుండానే వెనక్కి తిరిగింది. బంగారం ద్రవ్యరాశి సంఖ్య 197, ఆల్ఫాది 4 కాబట్టి కేంద్రకం కదలదనుకోవడం తప్పు కాదు. ఈ లెక్క మీద తరచూ అడిగే ఉప ప్రశ్న: ఆల్ఫా శక్తి రెట్టింపు చేస్తే దూరం ఎంత? సగం. వేగం రెట్టింపు చేస్తే? శక్తి నాలుగు రెట్లు కాబట్టి దూరం నాలుగో వంతు.

8. వచ్చిన అంకె నమ్మదగినదేనా?

పొడి గాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టుల క్షేత్రం దాకా తట్టుకుంటుంది. ఆపైన నిప్పురవ్వ. గోళం ఉపరితలం మీద క్షేత్రం = పొటెన్షియల్ ÷ వ్యాసార్ధం. కాబట్టి 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న లోహ గోళం గాలిలో 3 లక్షల వోల్టులకు మించి నిలబడదు. దానిపై పట్టే ఆవేశం 3.3 మైక్రోకూలుంబులు మాత్రమే. అయిదో అంచెలో మన గోళాల వ్యాసార్ధం 1 సెంటీమీటర్ అనుకుంటే, 1 మైక్రోకూలుంబుకు ఉపరితల క్షేత్రం 9 కోట్ల వోల్టు/మీటరు, గాలి తట్టుకునేదానికి ముప్పై రెట్లు. ఆ లెక్క కాగితం మీదే సాగుతుంది. నానోకూలుంబుల లెక్కలే ప్రయోగశాలకు దగ్గర.

ఇంకో హద్దు కూడా ఉంది. అనంతమైన తీగ, అనంతమైన పలక ఇచ్చినప్పుడు "అనంత దూరంలో సున్నా" అనుకోవడం కుదరదు, ఎందుకంటే ఆవేశమే అనంతం దాకా పరుచుకుని ఉంది. అలాంటప్పుడు దగ్గరలో ఒక బిందువును సున్నాగా ఎంచుకుని పొటెన్షియల్ భేదం మాత్రమే కట్టాలి.

చేతికి పని

10 సెంటీమీటర్ల చతురస్రం నాలుగు మూలల్లో +2 నానోకూలుంబుల చొప్పున ఉన్నాయి. కేంద్రంలో పొటెన్షియల్ సుమారు 1018 వోల్టులు రావాలి, వ్యవస్థ శక్తి సుమారు 1949 నానోజౌల్. 1440 వచ్చిందంటే కర్ణాలు మరిచారు.

ఒకే పరిమాణం, ఒకే ఆవేశం ఉన్న 27 నీటి బిందువులు కలిసి ఒక్కటయ్యాయి. వ్యాసార్ధం 3 రెట్లు, ఆవేశం 27 రెట్లు, పొటెన్షియల్ 9 రెట్లు. విద్యుత్ స్థితిజశక్తి ఒక్కో బిందువుతో పోలిస్తే 243 రెట్లు, అన్నింటి మొత్తంతో పోలిస్తే 9 రెట్లే. ప్రశ్న దేనితో పోల్చమందో చూసి రాయండి.

నిశ్చల స్థితిలో ఉన్న ఎలక్ట్రాన్ 50 వోల్టుల నుంచి 200 వోల్టులకు చేరింది. వేగం సెకనుకు 7.26×10⁶ మీటర్లు.

సమబాహు త్రిభుజం రెండు మూలల్లో సమాన ధనావేశాలు ఉన్నాయి. మొత్తం స్థితిజశక్తి సున్నా కావాలంటే మూడో మూలలో వాటిలో సగం పరిమాణమున్న రుణావేశం ఉండాలి. మూడో మూల దగ్గర పొటెన్షియల్ సున్నా చేయాలని చూస్తే జవాబే దొరకదు, అక్కడ మిగిలిన రెండూ ధనావేశాలే.